ఇంటివద్ద పాత ట్రక్కు మరమ్మతు

మన పల్లెలలో గొడ్ల చావడి ప్రక్కనో, ధాన్యపు మిల్లు ఆవరణలోనో, చింతచెట్టు క్రిందనో ఒక పాత బండి పడియుండుట తరచుగా చూచుచుందుము. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండుటకు చోటు, వెనుక సామానునకు తొట్టి గల ఇట్టి చిన్న ట్రక్కును పికప్ అందురు. ఒకప్పుడు అది ధాన్యపు బస్తాలను, ఎరువులను, పెండ్లి సామానును మోసినది. నేడు దాని తొట్టిలో కోళ్ళు గుడ్లు పెట్టుచుండును. దానిని తుక్కు క్రింద అమ్మివేయవలెనా, బాగుచేసికొనవలెనా అని ఇంటివారు ఏండ్ల తరబడి తేల్చుకొనలేకుందురు. అట్టి సందేహములో నున్నవారికి, చేతిలో ఎక్కువ ధనము లేకున్నను చేతులతో పనిచేయు కోరిక గలవారికి ఉపయోగపడు కొన్ని విషయములు చెప్పుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఇంటివద్ద బాగుచేసికొనుటకు అన్ని బండ్లును తగినవి కావు. నేటి కార్లలో శరీరము, చట్రము ఒకటిగా కలిసియుండును. పాత జీపు జాతి ట్రక్కులలో అట్లు కాదు. నిచ్చెన వంటి ఉక్కు చట్రము ఒకటి క్రింద నుండును. దానిపై ఇంజను, ముందు గది, వెనుక తొట్టి బోల్టులతో బిగింపబడి యుండును. రెండవ ప్రపంచ యుద్ధకాలములో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేసినవి. యుద్ధరంగములో సామాన్య సైనికుడు సామాన్యమైన పనిముట్లతో విప్పి బిగించుకొనగల బండిగా దానిని రూపొందించిరి. 1940 దశకపు చివర మహీంద్రా కంపెనీ బొంబాయిలో ఆ విల్లీస్ జీపుల భాగములను తెప్పించి కూర్చుట ప్రారంభించినది. ఆ వంశములోనివే మన ప్రాంతములలో పొలములకు, అడవులకు, ప్రాజెక్టు పనులకు తిరిగిన బండ్లు అనేకము. రేకులు చాల వరకు చదునైనవి, బోల్టులు కంటికి కనబడునవి, ఇంజను చుట్టు చేయి దూర్చుటకు చోటున్నది. ఈ మూడు గుణముల వలన అవి నేటికిని ఇంటి మరమ్మతునకు లొంగుచున్నవి.

నేను చెప్పబోవునది మొదట పొరబాటు చేసి పిమ్మట నేర్చుకొన్న సంగతి. మా పెదతండ్రిగారి కాలపు పెట్రోలు ట్రక్కు ఒకటి సముద్రమునకు కొద్ది దూరములో నున్న మా ఊరిలో పదునొకండు ఏండ్లు కదలక పడియుండెను. దానిని లేపవలెనను ఉత్సాహముతో ఇంజనును ఎట్లో నడిపించి, రేకుల చిల్లులను లప్పముతో పూడ్చి, పైన మెరయు నీలిరంగు వేయించితిని. సంక్రాంతి నాటికి బండి కొత్తదానివలె కనబడెను. చూచినవారందరు మెచ్చుకొనిరి. ఆ మెప్పుతో మా అన్నగారి పిల్లలిద్దరిని తొట్టిలో కూర్చుండబెట్టుకొని పొలమునకు బయలుదేరితిని. మనుష్యులను తొట్టిలో ఎక్కించుటయే తప్పు. కాలువగట్టు దిగునప్పుడు బ్రేకు త్రొక్కగా పెడలు నేలవరకు పోయెను, బండి ఆగలేదు. గట్టు క్రింద నున్న గడ్డివామి అడ్డము వచ్చుట వలన పిల్లలకు ఏమియు కాలేదు.

మరునాడు ఒక ముసలి మెకానిక్కును పిలిపించితిని. ఆయన క్రింద దూరి చూచి, చట్రమునకు బ్రేకు గొట్టమును పట్టియుంచు పట్టీ క్రింద గొట్టము తుప్పు తిని చిల్లి పడినదని చూపెను. తరువాత స్క్రూడ్రైవరు తీసికొని, నేను వేయించిన నీలిరంగుమీద నెమ్మదిగా ఒత్తెను. అది గది అడుగు రేకులోనికి పిడివరకు దిగిపోయెను. “రంగు బాగుందండీ బాబుగారూ, ఇనుమేదీ?” అని ఆయన అడిగెను. నాకు సమాధానము తోచలేదు. ఆ వర్షకాలము ముగియునప్పటికి మిగిలిన రంగు కూడ బొబ్బలెక్కి రాలిపోయెను. అప్పుడు మరల మొదటినుండి పని ప్రారంభించితిని. రెండవసారి రంగును చివరకు పెట్టితిని. ధనము తక్కువగా నున్నవాడు ముఖ్యముగా తెలిసికొనవలసినది ఈ వరుసయే. మొదట చట్రము, తరువాత ఆగుట, తరువాత నడచుట, చివరకు అందము.

తుప్పు అననేమో తెలిసిననే దానిని ఎదుర్కొను విధము తెలియును. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు మూడును కలిసినప్పుడు తుప్పు పుట్టును. నీరు లేని పొడిగాలిలో ఇనుము దాదాపు పాడుకాదు. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహించును గనుక తుప్పు త్వరపడును. కాబట్టియే సముద్రతీరపు బండి మెట్టప్రాంతపు బండికంటె ముందుగా చెడును. అల్యూమినియముపై ఏర్పడు పొర దట్టముగా అంటుకొని లోపలి లోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్లు కాదు. అది గుల్లగా నుండి నీటిని పీల్చుకొని లోపలకు పంపును. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండింతలు మొదలు ఆరింతల వరకు చోటు ఆక్రమించును. రెండు రేకుల అతుకులో పుట్టిన తుప్పు ఆ రేకులను విడదీయుటకును, రంగు బొబ్బలెక్కుటకును ఇదియే కారణము.

ఢిల్లీలో కుతుబ్ మీనారు వద్ద సుమారు 7 మీటర్ల పొడవు, 6 టన్నులకు మించిన బరువు గల ఇనుప స్తంభము పదునారు వందల ఏండ్లుగా నిలిచియున్నది. పూర్వులు ఇనుమును కరగించిన విధానము వలన అందులో భాస్వరము ఎక్కువగా మిగిలెననియు, ఆ భాస్వరము వలన పైన పలుచని రక్షణపొర ఏర్పడెననియు కాన్పూరు ఐ.ఐ.టి.లో పరిశోధన చేసిన ఆర్. బాలసుబ్రహ్మణ్యంగారు వివరించిరి. మన ట్రక్కు రేకులో అట్టి గుణము లేదు. ఆ పొరను మనమే కల్పింపవలెను. బజారులో తుప్పును మార్చు ద్రావణముగా అమ్మువానిలో తరచుగా నుండు ఫాస్ఫారికామ్లము చేయు పని కొంతవరకు ఇట్టిదే. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చి, రంగు పట్టుటకు తగిన నేలను సిద్ధము చేయును.

ఇక బండి పరీక్ష. ఒక చిన్న సుత్తి, ఒక స్క్రూడ్రైవరు, ఒక దీపము చాలును. సుత్తితో చట్రమును ఆ చివర నుండి ఈ చివర వరకు మెల్లగా తట్టుచు పోవలెను. మంచి ఉక్కు గంటవలె మ్రోగును. తుప్పు తిన్నది మొద్దుగా పలుకును. ముఖ్యముగా నాలుగు తావులు చూడవలెను. కమాను పట్టీలు చట్రమునకు తగులుకొను చోట్లు మొదటివి. స్టీరింగు పెట్టె బిగింపబడిన చోటు రెండవది. బ్యాటరీ క్రింది పళ్ళెము, దాని చుట్టుప్రక్కలు మూడవవి. ఆమ్లము చిమ్మి అక్కడ రేకు త్వరగా కరగును. తలుపుల అడుగు అంచులు, గది మూలలు నాలుగవవి. నీరు పోవు రంధ్రములు మట్టితో మూసికొనిపోయి అక్కడ తడి నిలువయుండును. చివర చెప్పిన రెండు చోట్ల తుప్పు ఉన్నచో భయపడనక్కరలేదు, రేకు మార్చుకొనవచ్చును. మొదటి రెండు చోట్ల చట్రము పొడిపొడిగా రాలుచున్నచో అట్టి బండిమీద ఇంటివద్ద ధనము ఖర్చుచేయరాదు. దానిలోని మంచి భాగములు తీసికొని మిగిలినది తుక్కునకు ఇచ్చుట వివేకము.

పరీక్షతోపాటు కాగితములు కూడ చూచుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము స్వంత వాడుక బండి నమోదు 15 సంవత్సరములు చెల్లును. తరువాత తనిఖీలో నెగ్గినచో 5 సంవత్సరములకొకసారి పొడిగింతురు. సరకుల బండిగా నమోదైనదానికి యోగ్యతాపత్రము వేరుగా కావలెను. 2021లో వచ్చిన నియమముల వలన 50 ఏండ్లు దాటి, మొదటి రూపము పెద్దగా మారని, వ్యాపారమునకు వాడని బండ్లను ప్రాచీన వాహనములుగా నమోదు చేసికొను అవకాశము కలిగినది. కాని అట్లు నమోదైన బండిని నిత్యము తిప్పుటకు వీలులేదు. మీ బండి ఏ కోవలోనికి వచ్చునో మొదట రవాణా కార్యాలయములో కనుగొని, ఆపైననే భాగములు కొనుట మంచిది. చట్రముపై చెక్కిన సంఖ్యను గీకుట గాని, దానిమీద వెల్డింగు చేయుట గాని ఎన్నడును కూడదు. ఆ సంఖ్య పోయినచో బండి ఎంత బాగున్నను దాని పుట్టుక నిరూపించుట కష్టము.

ఇప్పుడు ధనము సంగతి. మీరు పెట్టదలచిన మొత్తమును పది పాళ్ళు చేయుడు. నాలుగు పాళ్ళు బ్రేకులకు, స్టీరింగునకు, టైర్లకు ఉంచవలెను. రెండు పాళ్ళు చట్రము, రేకుల వెల్డింగునకు, మరి రెండు పాళ్ళు ఇంజను, పెట్రోలు మార్గము, విద్యుత్తు తీగలకు. ఒక పాలు రంగునకు. చివరి పాలు ముట్టకుండ దాచవలెను. పాత బండిలో విప్పినకొలది కొత్త ఖర్చు బయటపడును. నేను మొదటిసారి చేసిన ఖర్చులో సగమునకు మించి రంగుకే పోయెను. ఒకేసారి ధనము కూడనివారు ఒక్కొక్క భాగము పూర్తిచేసి, అది చెడకుండ కప్పియుంచి, నెలకు కొంత చొప్పున సాగించవచ్చును. ఇంటివద్ద చేయు పనిలోని సదుపాయము ఇదియే. అద్దె లేదు, తొందర లేదు.

పనిలో దిగుటకు ముందు ప్రాణరక్షణ గూర్చి కొన్ని మాటలు తప్పక చెప్పవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదు. చట్రము క్రింద గట్టి స్టాండులు గాని, అడ్డదిడ్డముగా పేర్చిన దళసరి కొయ్య దిమ్మెలు గాని పెట్టి, బండిని చేతులతో ఊపి చూచి, కదలనప్పుడే దూరవలెను. ఇటుకలు పనికిరావు, అవి హఠాత్తుగా పగులును. పెట్రోలు ఖాళీగా నున్న ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. లోపల నిలిచిన ఆవిరి నిప్పురవ్వతో ప్రేలును. ట్యాంకునకు అతుకు వేయు పనిని అందులో ఆరితేరినవారికే అప్పగింపవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక పొడిగా రుద్దక తడిచేసి రుద్దవలెను. ఆ మట్టిని పిల్లలు తిరుగని చోట పోగుచేసి పారవేయవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండును. డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును ఊదుట గాని, గాలి పంపుతో కొట్టుట గాని చేయక, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను.

విప్పుట కూడ ఒక విద్యయే. ఒక్కొక్క భాగపు బోల్టులను ఒక్కొక్క డబ్బాలో వేసి, పైన పేరు వ్రాసి అంటించవలెను. విప్పకముందు చేతి ఫోనుతో రెండు వైపుల నుండి బొమ్మ తీసికొన్నచో ఆరు నెలల తరువాత ఏ తీగ ఎక్కడిదో సందేహము రాదు. తుప్పుతో బిగిసిన నట్టును ఒక్కసారిగా విప్పబోయినచో బోల్టు తెగును. తీగల బ్రష్షుతో మర శుభ్రము చేసి, తుప్పు వదలించు నూనె పోసి, రాత్రంతయు నానబెట్టవలెను. మరునాడు మొదట కొంచెము బిగించి, తరువాత కొంచెము వదలు చేయుచు ముందుకు వెనుకకు త్రిప్పవలెను. అప్పటికిని రానిచో నట్టును వేడిచేయవచ్చును. కాని పెట్రోలు గొట్టములు, రబ్బరు భాగములు దగ్గర ఉన్న చోట మంట పెట్టరాదు. పానా సరియైన కొలతదై యుండవలెను. వదులుగా పట్టు పానా నట్టు మూలలను గుండ్రము చేయును; ఆపైన ఉలి తప్ప మరి దారి ఉండదు.

తుప్పు తీయుటకు ఖరీదైన యంత్రములు లేకున్నను సాగును. పెద్ద రేకులకు తీగల బ్రష్షు, గరుకు కాగితము, ఓపిక కావలెను. చిన్న భాగములకు మన ఇండ్లలో ఎరిగిన రసాయనమే సహాయపడును. ఇత్తడి బిందెను చింతపండుతో తోమినప్పుడు ఆ పులుపు పైనున్న మకిలిని కరగించును గదా! అట్లే కొక్కెములు, పట్టీలు, మడతబందులు మొదలగువానిని పశువుల దాణాలో కలుపు చెరకు మడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్ళు కలిపిన తొట్టిలో ఒకటి రెండు వారములు ముంచియుంచినచో తుప్పు తానే వదలిపోవును. వాసన మాత్రము చెడ్డది. తొట్టిని ఇంటికి దూరముగా నుంచుడు. అల్యూమినియము, జింకు పూత గల భాగములను అందులో వేయరాదు.

విద్యుత్తుతో తుప్పు తీయు మరియొక పద్ధతి కలదు. ప్లాస్టికు తొట్టిలో లీటరు నీటికి ఒక చెంచాడు చొప్పున చాకలి సోడా కరగించి, తుప్పు పట్టిన భాగమును 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకు తగిలించి, రెండును ఒకదానికొకటి తాకకుండ ముంచవలెను. కొన్ని గంటలలో తుప్పు మెత్తబడి బ్రష్షునకు వచ్చును. ఈ పనిలో హైడ్రోజను వాయువు వెలువడును గనుక ఆరుబయట చేయవలెను. నిప్పు దగ్గరకు రానీయరాదు. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వాడరాదు. విషకరమైన క్రోమియము నీటిలోనికి వచ్చును. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు కరెంటు ఆపవలెను. కమాను పట్టీలను, బ్రేకు, స్టీరింగులకు సంబంధించిన గట్టి బోల్టులను ఈ పద్ధతికి గాని, ఆమ్లములకు గాని అప్పగింపరాదు. అట్టి ఉక్కు పైకి బాగుగా కనబడుచునే లోపల పెళుసుబారవచ్చును. వానిని బ్రష్షుతోనే శుభ్రము చేయవలెను, అనుమానమున్నచో మార్చవలెను.

ఎంత గీకినను గుంటలలో కొంత తుప్పు మిగులును. దానిని కదలకుండ చేయుటకు టానిను గల ద్రావణములు బజారులో దొరకును. అవి ఎర్రతుప్పును నల్లని గట్టి పొరగా మార్చును. ఈ నలుపు మనకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి, ఆ నీటిని కరక్కాయ పట్టించిన బట్టపై కలముతో గీయగానే గీత నల్లబడును. కరక్కాయలోని టానిను ఇనుముతో కలియుట వలన పుట్టిన నలుపు అది. పూర్వము కరక్కాయ, అన్నభేది కలిపి చేసికొన్న వ్రాతసిరాలో ఉన్నదియు ఇదియే. ట్రక్కు రేకుపై జరుగు పని ఆ బట్టపై జరుగు పనికి సోదరము.

చిల్లులు పడిన చోట నేను మొదట చేసినట్లు లప్పము నింపుట ఆత్మవంచన. లప్పము గుంటలను చదును చేయుటకే గాని బలమునకు గాదు. పైగా దాని వెనుక తడి చేరి తుప్పు పెరుగును. చెడిన రేకును మంచి ఇనుము తగులు వరకు కత్తిరించి, అదే దళసరి గల కొత్త రేకును మొదట అట్టముక్కతో కొలత తీసి కోసి, వెల్డింగు చేయింపవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పివేయవలెను. కోయుట, కొలతలు తీయుట, రంధ్రములు వేయుట మనము చేసి, వెల్డింగు మాత్రము టింకరు చేత చేయించుకొన్నచో కూలి చాల తగ్గును. చట్రమునకు అతుకు వేయవలసివచ్చినప్పుడు మాత్రము చవుకకు పోక, నేర్పరి చేతనే చేయింపవలెను. గది అడుగున, తలుపుల అంచులలో నీరు పోవు రంధ్రములను విడిచిపెట్టుట మరువరాదు. అవి కంపెనీవారు తెలిసి పెట్టినవి.

తరువాత బ్రేకులు. పాత ట్రక్కులలో నాలుగు చక్రములకును ఒకే చమురు మార్గము ఉండును. ఒకచోట కారినచో నాలుగును పోవును. కాలువగట్టుపై నాకు జరిగినది అదియే. బ్రేకు చమురు గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమ సిలిండర్లను లోపలినుండి తుప్పు పట్టించును. కాబట్టి మాస్టరు సిలిండరు, చక్రపు సిలిండర్లు విప్పించి, రబ్బరు కప్పులు మార్చి, గొట్టములన్నియు కొత్తవి వేయింపవలెను. సాధారణమైన రాగి గొట్టము సులువుగా వంగునని కొందరు వాడుదురు. అది కంపనమునకు పగులును గనుక తగదు. బ్రేకు చమురునకు బదులు ఇంజను నూనె పోసినచో రబ్బరు ఉబ్బి చెడును. టైరులో గాట్లు మిగిలియున్నంత మాత్రమున మంచిదని అనుకొనరాదు. 2000 తరువాత తయారైన టైరు ప్రక్కన నాలుగంకెలు ఉండును: మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. ఎండలో ఎండి ప్రక్కలు బీటలు వారిన టైరును పొలములో బండిపట్టీకి వాడుకొనవచ్చును, రోడ్డుమీదికి తేరాదు.

ఇంజను విషయములో పెద్ద తప్పు తొందర. ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును బ్యాటరీతో ఒక్కసారి తిప్పినచో పిస్టను వలయములు గోడలను గీకును, లేదా విరుగును. స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు నూనె పోసి, రెండు మూడు దినములు విడిచి, ప్లగ్గులు లేకుండనే చేతి హ్యాండిలుతో మెల్లగా త్రిప్పవలెను. విల్లీస్ వంశపు నాలుగు సిలిండర్ల ఇంజను పరిమాణము సుమారు 2,200 ఘనపు సెంటీమీటర్లు. మంట వరుస 1, 3, 4, 2. ప్లగ్గు తీగలు తారుమారు కాకుండ ఈ వరుసను కాగితముపై వ్రాసి అంటించుకొనుడు. పాత పెట్రోలు జిగురువలె మారియుండును; ట్యాంకు, గొట్టములు, కార్బురేటరు శుభ్రము చేయనిదే కొత్త పెట్రోలు పోయరాదు. నేడు మన బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును, పాతకాలపు రబ్బరును మెత్తబరచును. కాబట్టి గొట్టములను, పంపులోని తిత్తిని ఇథనాలునకు తట్టుకొను రకమునకు మార్చవలెను; బండి చాలకాలము నిలుపునప్పుడు ట్యాంకును ఖాళీచేయుట మంచిది. ఎలుకలు కొరికిన తీగలకు గుడ్డపట్టీ చుట్టి సరిపెట్టక, కొత్త తీగలు లాగి ప్రతి మార్గమునకు ఫ్యూజు పెట్టవలెను.

ఇవన్నియు పూర్తియై, బండి మూడు నాలుగు పర్యాయములు పొలములో నడచి ఆగిన పిమ్మటనే రంగు సంగతి. శుభ్రము చేసిన ఇనుమును చేతితో తాకకుండ, అదే దినమున ప్రైమరు పూయవలెను. మన తీరప్రాంతములో ఒక్క రాత్రికే ఎర్రని పొడి తేలును. వర్షపు దినములలో, మంచు పడు ఉదయములలో పూయరాదు. ఇంటివారికి స్ప్రే యంత్రము లేకున్నను మంచి కుంచెతో పలుచగా రెండు మూడు పూతలు ఎనామిలు వేసి, పూతకు పూతకు నడుమ తడి గరుకు కాగితముతో రుద్దినచో పనిబండికి చాలును. చట్రపు గొట్టముల లోపల, తలుపుల బోలులో కుంచె పోదు. అక్కడ చిక్కని నూనె గాని, మైనము కలిపిన రక్షణద్రవము గాని చిమ్మవలెను. కంటికి కనబడని ఆ పూతయే బండి ఆయువును నిర్ణయించును.

అన్నియు మనమే చేయవలెనని పంతము అక్కరలేదు. విప్పుట, గీకుట, కడుగుట, ప్రైమరు, రంగు, తీగలు మనవి. వెల్డింగు, లేతు పని, బ్రేకు డ్రమ్ములు తిరగబట్టించుట, చక్రముల వరుస సరిచూచుట పనివారివి. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పాత బండ్ల భాగములను గుర్తుపట్టి ఇచ్చువారు, లేని భాగమును మలచియిచ్చువారు నేటికిని కలరు. పాత భాగమును చేతపట్టుకొని పోయినచో పని త్వరగా జరుగును, మోసపోవుట తక్కువ.

మా ట్రక్కునకు ఈ రెండవ మరమ్మతు ఒక సంవత్సరమునకు పైగా పట్టినది. మొదటి నీలిరంగువలె అది మెరయదు. తొట్టిమీద సుత్తి దెబ్బలు ఇప్పటికిని కనబడును. తిరిగి నడపునాడు ఆ ముసలి మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని అదే కాలువగట్టు మీదికి పోయితిని. దిగునప్పుడు ఆయన, “ఇక్కడ తొక్కండి” అనెను. త్రొక్కితిని, బండి ఆగెను. ఆయన దిగి, నాలుగు చక్రముల వద్ద వంగి కారుడు లేదని చూచుకొని, మరల ఎక్కి కూర్చుండెను. తొట్టిలో ఆ దినము రెండు బస్తాల విత్తనములు మాత్రము ఉండెను. పిల్లలు వెనుక నడచి వచ్చిరి.